మెరుపుకీ ఉరుముకీ ఒకే గడియారం

మెరుపు ముందు కనిపిస్తుంది, ఉరుము తరువాత వినిపిస్తుంది. ఎందుకో మీకు తెలుసు గదా! కాంతి సెకనుకు సుమారు 3,00,000 కిలోమీటర్లు పోతుంది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. ఏటేటా ఈ పాఠం చెప్పే నేనే ఒకసారి ఈ మెరుపూ ఉరుముల దగ్గర బోల్తాపడ్డాను. ఆ సంగతి చెప్పి అసలు విషయంలోకి వస్తాను.

1998లో మా బడి వార్షికోత్సవానికి పిల్లలచేత ఒక నాటకం వేయించాం. అందులో తుఫాను రాత్రి ఒకటి ఉంది. గాలి హోరు, వాన చప్పుడు, కప్పల బెకబెకలు, మధ్యమధ్య సంగీతం, అన్నీ వరుసగా ఒక కాసెట్టులో రికార్డు చేశాం. తెర లేవగానే టేపు రికార్డరు మీట నొక్కితే చాలు, నాటకం అయ్యేదాకా అదే నడుస్తుంది. పాత్రధారులు ఆ శబ్దాలు వింటూ మాట్లాడాలి. పన్నెండో నిమిషంలో పెద్ద పిడుగు పడుతుంది. దానికి రెప్పపాటు ముందు రంగస్థలం మీద తెల్లని లైటు ఒక్కసారి వెలిగి ఆరాలి.

స్విచ్చిబోర్డు వేదిక వెనకగదిలో ఉంది. అక్కడికి టేపు సరిగా వినపడదు. పైగా ఉరుము విని స్విచ్చి వేస్తే మెరుపు వెనకబడిపోతుంది. అందుకని అక్కడ తొమ్మిదో తరగతి కుర్రవాణ్ణి కూర్చోబెట్టి, డ్రిల్లు మాస్టారి స్టాప్‌వాచీ చేతికిచ్చాను. "తెర లేచినప్పుడు వాచీ నొక్కు. పన్నెండు నిమిషాలు కాగానే స్విచ్చి వెయ్యి. ఇక దేన్నీ పట్టించుకోకు" అన్నాను.

నాటకం బాగానే నడిచింది. కథానాయకుడు చేతులు చాచి తడుముకుంటూ, "అబ్బ, కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి!" అన్నాడు. సరిగ్గా ఆ మాట మీద వేదికంతా పట్టపగలులా వెలిగింది. జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వులు తగ్గేసరికి, మెరుపనేదే లేకుండా కటిక చీకట్లో పిడుగు పడింది. మళ్ళీ నవ్వులు. పాపం, ముఖ్యపాత్ర వేసిన పిల్లవాడు మాట మరచిపోయి నిలబడిపోయాడు.

నాటకం కాగానే నేను స్విచ్చి దగ్గరి కుర్రవాణ్ణి అందరి ఎదుటా గట్టిగా కేకలేశాను. "వాచీ చూసే వేశానండీ మాస్టారూ" అన్నాడు. నేను వినలేదు. వాడు తల వంచుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆదివారం. మనసు ఊరుకోక బడికి వెళ్ళి, అదే టేపు రికార్డరులో అదే కాసెట్టు పెట్టి, అదే స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చున్నాను. పిడుగు పన్నెండు నిమిషాలకు రాలేదు. పన్నెండు నిమిషాల పద్దెనిమిది సెకన్లకు వచ్చింది! స్టాప్‌వాచీని రేడియో వేళతో సరిచూశాను. అది ఒప్పే. తప్పినది టేపు. సాధన చేసిన రోజులన్నిటా దాన్ని కరెంటు మీద నడిపాం. ఆ రోజు ఉన్న ప్లగ్గులు మైకుకీ లైట్లకీ సరిపోవడంతో పాత సెల్లులు వేసి నడిపాం. సెల్లులు నీరసించి మోటారు నెమ్మదించింది. 720 సెకన్లలో 18 సెకన్లు, అంటే నూటికి రెండున్నర వంతు వెనకబడింది. అంత చిన్న తేడాకు పాట శ్రుతి తగ్గినట్టు కూడా చాలామంది చెవికి తెలియకపోవచ్చు.

మెరుపుకీ ఉరుముకీ 18 సెకన్ల తేడా ఉంటే పిడుగు ఎంత దూరంలో పడినట్టు? 18 × 340 = 6,120 మీటర్లు. మా నాటకంలో పిడుగు వేదిక మీద పడవలసింది, ఆరు కిలోమీటర్ల అవతల పడిందన్నమాట!

తప్పు కుర్రవాడిది కాదు. వాచీది అంతకంటే కాదు. ఒక పనికి రెండు గడియారాలు పెట్టిన నాది.

ఏ రెండు గడియారాలూ కలిసి నడవవు

సెల్లులు కొత్తవైతే సరిపోయేది గదా అంటారేమో. కొంతవరకు నిజమే. చేతి గడియారంలో సన్నని క్వార్ట్జ్ ముక్క ఒకటి సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను పదిహేను సార్లు రెండేసి చేత భాగిస్తే 1 వస్తుంది. అలా అది సెకన్లు లెక్కపెడుతుంది. అంత నమ్మకమైన గడియారం కూడా ఎండకీ చలికీ కొంచెం మారి, నెలకు కొన్ని సెకన్లు అటూ ఇటూ అవుతుంది. నాలుగు గోడగడియారాలను ఒకే క్షణాన సరిచేసి ఆరు నెలల తరువాత చూడండి, నాలుగూ నాలుగు మాటలు చెబుతాయి.

ఇంకా పెద్ద చిక్కు మరొకటి ఉంది. రెండు యంత్రాలను ఒకేసారి మొదలుపెట్టామనుకోండి. మధ్యలో ఒకటి ఆగి మళ్ళీ నడిచింది. లేదా దర్శకుడు, "ఆ పాట మళ్ళీ రెండో చరణం నుంచి పెట్టండి" అన్నాడు. అప్పుడు రెండో యంత్రానికి ఏం తెలుస్తుంది? కలిసి మొదలవడం చాలదు. "ఇప్పుడు ఎక్కడున్నాం?" అన్నది ప్రతి క్షణం తెలియాలి.

బస్సు ప్రయాణం గుర్తు తెచ్చుకోండి. "రెండు గంటలు కాగానే దిగు" అని ఎవరైనా చెబితే, బస్సు ఆలస్యమైన రోజున మీరు ఏ పొలాల మధ్యనో దిగుతారు. "నలభయ్యో కిలోమీటరు రాయి దగ్గర దిగు" అంటే మాత్రం బస్సు వేగంగా పోయినా, నెమ్మదిగా పోయినా, దారిలో అరగంట ఆగినా మీరు సరైన చోటే దిగుతారు. వాచీ చూడనక్కరలేదు, దారి చూస్తే చాలు. మా కాసెట్టుకు కావలసినవి కూడా అలాంటి మైలురాళ్ళే.

పాతకాలపు ఉపాయాలు

యంత్రాలు లేని కాలంలో ఈ పనిని మనుషులే చేసేవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజం వారి నాటకాలు చూసినవారికి ఇది తెలుసు. రెండు బాణాలు గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొనడం, ఆ క్షణాననే మెరుపులూ చప్పుడూ రావడం, ఇవన్నీ తెర వెనక తీగలు లాగేవారి కళ్ళూ చెవులూ చేతులూ కలిసి చేసే పని. వారందరికీ ఒకే గడియారం ఉంది. అది వేదిక మీద నటుడు.

సినిమావారికి ఈ సమస్య మాటలు వచ్చినప్పుడు ఎదురైంది. 1927లో విడుదలైన "ది జాజ్ సింగర్" చిత్రానికి శబ్దం గ్రామఫోను పళ్ళేల మీద ఉండేది. ప్రొజెక్టరూ పళ్ళెమూ కలిసి తిరిగేలా మోటారును జతచేశారు. అయినా ఎక్కడైనా ఫిల్ము తెగితే, పాడైన ముక్క కోసి అతికిస్తారు గదా! పళ్ళెంలో ఆ ముక్క అలాగే ఉంటుంది. అక్కడి నుంచి మాట ఒకరిది, పెదవులు ఒకరివి. తరువాత శబ్దాన్ని కూడా బొమ్మల పక్కనే, అదే ఫిల్ము అంచున ముద్రించారు. ఫిల్ము తెగినా రెండూ కలిసే తెగుతాయి. నెమ్మదిగా నడిచినా రెండూ కలిసే నెమ్మదిస్తాయి. ఈ కిటుకు గుర్తుంచుకోండి, మనకు మళ్ళీ కావాలి.

దీపాలను శబ్దంతో నడపడం కూడా కొత్తదేమీ కాదు. గోల్కొండ కోటలో ధ్వని కాంతి ప్రదర్శన మీలో కొందరు చూసే ఉంటారు. ఈ రకం ప్రదర్శనలకు నాంది 1952లో ఫ్రాన్సులోని షాంబోర్ కోటలో జరిగింది. పాల్ రోబెర్ ఊదాఁ దాని రూపకర్త. 1958లో బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనలో ఫిలిప్స్ కంపెనీ మంటపం ఇంకో అడుగు ముందుకేసింది. ఎనిమిది నిమిషాల ఆ ప్రదర్శనలో సంగీతం వందలాది స్పీకర్ల మధ్య పరుగులు తీసేది. రంగుల కాంతులు గోడల మీద మారుతుండేవి. సంగీతం ఒక టేపు మీద ఉంటే, ఏ స్పీకరు ఎప్పుడు పలకాలో, ఏ దీపం ఎప్పుడు వెలగాలో చెప్పే ఆజ్ఞలు పదిహేను వరుసల ఇంకో టేపు మీద ఉండేవి. సినిమా ఫిల్ముకు ఉన్నట్టే టేపుల అంచుల్లో కన్నాలుండేవి గనుక రెండూ జారిపోకుండా కలిసి నడిచేవి.

టేపు మీద మైలురాళ్ళు

1960ల నాటికి టెలివిజన్ వారు వీడియో టేపు వాడుతున్నారు. సినిమా ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూస్తే బొమ్మలు కనబడతాయి, కత్తిరించవలసిన చోటు తెలుస్తుంది. వీడియో టేపును ఎత్తి చూస్తే గోధుమరంగు తప్ప ఏమీ కనబడదు. అందుకని ఒక్కొక్క బొమ్మకు, అంటే ఒక్కొక్క ఫ్రేముకు, ఒక చిరునామా ఇవ్వవలసి వచ్చింది. రాకెట్ ప్రయోగ కేంద్రాల్లో కొలతల టేపుల మీద వేళ కూడా రాసే పద్ధతి అప్పటికే ఉంది. ఆ ఆలోచననే టెలివిజన్ వారూ పట్టుకున్నారు. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క రకం సంకేతం తయారుచేస్తే ఒకరి టేపు ఇంకొకరి యంత్రం చదవలేదు. చివరకు అమెరికా చలనచిత్ర, టెలివిజన్ ఇంజనీర్ల సంఘం 1970ల్లో అందరికీ ఒకే ప్రమాణం నిర్ణయించింది. ఐరోపా ప్రసార సంస్థల సంఘం కూడా అదే అంగీకరించింది. దాని పేరే టైమ్‌కోడ్, అనగా కాలసంకేతం.

కాలసంకేతం చూడటానికి ఇలా ఉంటుంది:

01:23:45:12

ఒకటో గంట, ఇరవైమూడో నిమిషం, నలభై అయిదో సెకను, పన్నెండో ఫ్రేము అని అర్థం. మన దేశపు టెలివిజన్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు. కనుక చివరి అంకెలు 00 నుంచి 24 దాకా పోయి, మళ్ళీ 00కు వచ్చి, సెకను ఒకటి పెరుగుతుంది. ఒక ఫ్రేము సెకనులో 25వ వంతు.

ఇదేదో వేళ చెప్పే గడియారం అనుకునేరు, కాదు. ఇది దారి పక్కన రాయి. బస్సు ఎప్పుడు బయలుదేరినా రాయి మీది అంకె మారదు గదా!

అంకెలు ధ్వనిగా మారే విధం

ఈ అంకెలను టేపు మీద ఎలా రాస్తారు? టేపుకు తెలిసింది ధ్వని ఒక్కటే. కనుక అంకెలను ధ్వనిగా మార్చాలి. ముందు వాటిని 0, 1 అనే రెండే గుర్తులతో రాస్తారు. ఒక్కొక్క గుర్తు ఒక బిట్టు. ఎన్ని బిట్లు కావాలో మీరే లెక్కవేయండి.

ఒకట్ల స్థానంలో 0 నుంచి 9 దాకా ఏ అంకైనా రావచ్చు. దానికి 4 బిట్లు కావాలి, 9 అంటే 1001. నిమిషాల్లోనూ సెకన్లలోనూ పదుల స్థానం 5 దాటదు, దానికి 3 బిట్లు చాలు. గంటలు 23 దాటవు, ఫ్రేములు 24 దాటవు. రెండిటిలోనూ పదుల స్థానం 2 దాటదు, 2 బిట్లు చాలు. కనుక:

గంటలు: 2 + 4 = 6
నిమిషాలు: 3 + 4 = 7
సెకన్లు: 3 + 4 = 7
ఫ్రేములు: 2 + 4 = 6
మొత్తం: 26 బిట్లు

వీటికి తోడు వాడుకునేవారు తమకు కావలసిన తేదీ, టేపు నంబరు వంటివి రాసుకోవడానికి 32 బిట్ల ఖాళీ జాగా ఇచ్చారు. ప్రత్యేక సూచనలకు 6 బిట్లు. చివర ఒక ముద్ర, 16 బిట్లు. అన్నీ కూడితే 80. ప్రతి ఫ్రేముకూ 80 బిట్లు, సెకనుకు 25 ఫ్రేములు, అంటే సెకనుకు 2,000 బిట్లు.

ఆ చివరి ముద్ర చాలా తెలివైనది. అది ఇలా ఉంటుంది:

0011111111111101

మధ్యలో వరుసగా పన్నెండు 1లు. కాలం చెప్పే అంకెల్లో అన్ని 1లు వరుసగా రావు. కనుక ఇది కనబడగానే "ఒక ఫ్రేము అయిపోయింది" అని యంత్రం గ్రహిస్తుంది. అంతేకాదు, ముద్ర మొదట్లో 00 ఉంది, చివర 01 ఉంది. టేపును వెనక్కు తిప్పితే ముందు 10 వచ్చి, పన్నెండు 1లు వచ్చి, చివర 00 వస్తుంది. అంటే టేపు ముందుకు పోతున్నదో, వెనక్కు పోతున్నదో కూడా ఈ ముద్రే చెబుతుంది!

ఇక 0నీ 1నీ ధ్వనిగా రాసే పద్ధతి చూడండి. విద్యుత్ సంకేతం పై మెట్టు మీదో కింద మెట్టు మీదో ఉంటుంది. ప్రతి బిట్టు మొదట్లోనూ అది తప్పకుండా మెట్టు మారుతుంది. బిట్టు 0 అయితే అంతే. బిట్టు 1 అయితే నడిమధ్యలో ఇంకొకసారి మారుతుంది. చదివే యంత్రం మెట్టు పైనున్నదా కిందనున్నదా అని చూడనే చూడదు, ఎన్నిసార్లు మారింది అనే చూస్తుంది. కనుక రెండు తీగలు తారుమారుగా తగిలించినా లెక్క తప్పదు. టేపు కొంచెం నెమ్మదించినా బిట్లన్నీ కలిసి సాగుతాయి గనుక 0కీ 1కీ తేడా అలాగే ఉంటుంది.

అన్నీ 0లైతే సెకనుకు 2,000 మార్పులు. పైకొకటి, కిందికొకటి, రెండు మార్పులకు ఒక పూర్తి కంపనం, కనుక పౌనఃపున్యం 1,000. అన్నీ 1లైతే 2,000. ఇవి మన చెవికి వినపడే పౌనఃపున్యాలే. అందుకే మామూలు టేపు మీద పాట పక్కనే దీన్నీ రికార్డు చేయవచ్చు. కానీ స్పీకరులోకి పోనిచ్చారో, చెవులు మూసుకోవలసిందే! ఇనుప రేకును గోకినట్టు ఒకటే గరగర.

దీపాలు వింటాయి

ఇప్పుడు సినిమావారి కిటుకు గుర్తు తెచ్చుకోండి. రెండు వరుసలున్న రికార్డింగు తీసుకుందాం. ఒక వరుసలో సంగీతం, అది స్పీకర్లకు పోతుంది. రెండో వరుసలో కాలసంకేతం, అది దీపాలను నడిపే పెట్టెకు, అంటే లైటింగ్ కన్సోలుకు పోతుంది. జనం పాట వింటారు, దీపాలు గరగర వింటాయి.

కన్సోలు జ్ఞాపకంలో ముందే ఒక పట్టిక రాసి పెడతారు. అందులో ఒక్కొక్క ఆజ్ఞనూ నాటకాలవారు క్యూ అంటారు.

00:00:10:00 నీలి కాంతి మెల్లగా రావాలి
00:11:40:00 కాంతి సగానికి తగ్గాలి
00:12:00:00 తెల్లని మెరుపు
00:12:00:05 మెరుపు ఆరాలి

కన్సోలు వచ్చే సంకేతాన్ని చదువుతూ, పట్టికలోని అంకె రాగానే ఆజ్ఞ అమలు చేస్తుంది. అక్కడి నుంచి దీపాలకు ఇంకొక భాషలో కబురు పోతుంది. 1986లో అమెరికా రంగస్థల సాంకేతిక నిపుణుల సంస్థ తయారుచేసిన ఆ భాష పేరు డి.ఎమ్.ఎక్స్. 512. ఒక తీగ మీద 512 మార్గాలుంటాయి. ఒక్కొక్క మార్గానికి 0 నుంచి 255 దాకా ఒక అంకె పంపుతారు. 0 అంటే చీకటి, 255 అంటే పూర్తి వెలుగు. 512 మార్గాలకూ సెకనుకు దాదాపు 44 సార్లు కొత్త అంకెలు పంపవచ్చు. వెనక తెర మీద వీడియో వేసే యంత్రానికి కూడా అదే కాలసంకేతం ఇస్తే బొమ్మ, పాట, దీపం మూడూ ఒకే మైలురాళ్ళు చూస్తూ నడుస్తాయి.

మన కోలాటంలో గురువు తాళం వేస్తే అందరి కోలలూ ఆ తాళానికే పడతాయి. గురువు వేగం పెంచితే అందరూ పెంచుతారు. ఇక్కడ పాట గురువు, దీపాలూ వీడియో శిష్యులు.

మా నాటకాన్ని మళ్ళీ ఊహించుకోండి. అవే నీరసించిన సెల్లులు, అదే నెమ్మదించిన టేపు. గోడగడియారం 12 నిమిషాల 18 సెకన్లు చూపించే క్షణాన టేపు మీది సంకేతం 00:12:00:00 అంటుంది. మెరుపు అప్పుడే వెలుగుతుంది. దాని వెంటనే ఉరుము. టేపు తప్పింది, కానీ నాటకం తప్పలేదు! రెండు యంత్రాలూ ఒప్పుగా నడవడం ముఖ్యం కాదు, కలిసి నడవడం ముఖ్యం.

ఇప్పుడు టేపులు పోయి కంప్యూటర్లు వచ్చాయి. అయినా ఆ 80 బిట్ల గరగర ఇప్పటికీ కచేరీ వేదికల మీద వాడుకలోనే ఉంది. కచేరీలవారు ఇంకొక ఉపాయం చేస్తారు. మొదటి పాటకు 01:00:00:00 నుంచి, రెండో పాటకు 02:00:00:00 నుంచి అంకెలు వేస్తారు. గంటల అంకె చూడగానే ఏ పాటో దీపాలకు తెలిసిపోతుంది. పాటల వరుస మార్చినా భయం లేదు.

మూడు చిక్కులు

మొదటిది, తీగ ఊడితే ఏమవుతుంది? సంకేతం రెప్పపాటు ఆగితే దీపాలు కూడా ఆగిపోకూడదు. తొక్కడం మానినా సైకిలు కొంతదూరం పోయినట్టు, కన్సోలు తన సొంత గడియారంతో కొద్దిసేపు లెక్క సాగిస్తుంది. సంకేతం మళ్ళీ రాగానే దానితో కలుస్తుంది. ఎంతకీ రాకపోతే ఏం చేయాలో ముందే నిర్ణయించి పెడతారు.

రెండోది అమెరికావారి చిక్కు. అక్కడ రంగుల టెలివిజన్ సెకనుకు 30 ఫ్రేములు కాక, సుమారు 29.97 ఫ్రేములు చూపుతుంది. అంకెలు మాత్రం 30 వంతున వేస్తే గంటకు 108 అంకెలు తేడా వస్తుంది, అంటే 3.6 సెకన్లు. దీన్ని సరిచేయడానికి ప్రతి నిమిషం మొదట్లో 00, 01 అనే రెండు అంకెలను వదిలేస్తారు. 0, 10, 20, 30, 40, 50 నిమిషాలప్పుడు మాత్రం వదలరు. 54 నిమిషాలు, రెండేసి అంకెలు: 108! బొమ్మలేవీ పోవు, అంకెలే పోతాయి. పంచాంగంలో అధికమాసం వంటి సర్దుబాటే ఇదీ, కాకపోతే అక్కడ కలుపుతారు, ఇక్కడ వదిలేస్తారు.

మూడోది ప్రకృతి పెట్టే చిక్కు. ఒక ఫ్రేము కాలంలో, అంటే 40 మిల్లీసెకన్లలో, ధ్వని 340 × 0.04 = 13.6 మీటర్లు పోతుంది. వేదిక మీద దీపమూ స్పీకరూ ఒకే క్షణాన పనిచేసినా, 68 మీటర్ల దూరంలో కూర్చున్నవాడికి శబ్దం 5 ఫ్రేములు ఆలస్యంగా చేరుతుంది. ఇంకొక సంగతి, తీగ కాలి వెలిగే పెద్ద బల్బు వేడెక్కడానికి కొంచెం సమయం పడుతుంది, ఎల్.ఇ.డి. దీపం చటుక్కున వెలుగుతుంది. కనుక ప్రదర్శన నడిపేవారు మైదానం మధ్యలో కూర్చుని చూసి, క్యూలను రెండు మూడు ఫ్రేములు అటూ ఇటూ జరుపుతారు. యంత్రం ఎంత కచ్చితమైనదైనా చివరి తీర్పు మనిషి కన్నూ చెవిదే.

అన్నట్టు, ప్రతి నాటకానికీ కాలసంకేతం పనికిరాదు. పాట ముందే రికార్డు చేసినదైతే సరే. నటుడు తన ఇష్టంగా ఆగి, కన్నీరు తుడుచుకుని మాట్లాడే చోట సంకేతం ఆగదు గదా! అక్కడ ఇప్పటికీ ఒక మనిషి కన్సోలు దగ్గర కూర్చుని, నటుణ్ణే చూస్తూ మీట నొక్కుతాడు.

మీరూ చేసి చూడండి

1. ఇద్దరు స్నేహితులను కళ్ళు మూసుకుని, సెకనుకు ఒకటి చొప్పున మనసులో 120 దాకా లెక్కపెట్టమనండి. 120 రాగానే చెయ్యి ఎత్తాలి. ఎంత తేడా వచ్చిందో చూడండి. తరువాత మీరు బల్ల మీద చప్పుడు చేస్తుంటే ఆ చప్పుళ్ళను లెక్కపెట్టమనండి. మధ్యలో కావాలనే నెమ్మదించండి. ఇద్దరి చేతులూ ఒకేసారి లేస్తాయి. మీరే కాలసంకేతం!

2. రెండు సెల్‌ఫోన్లలో ఒకే పాట ఒకేసారి మొదలుపెట్టి చూడండి. ప్రతిధ్వనిలా వినబడితే రెండూ కలవలేదన్నమాట. ఒకదాన్ని ఒక్క క్షణం ఆపి మళ్ళీ నడపండి.

3. 10110 అనే అయిదు బిట్లను గళ్ళ కాగితం మీద గీయండి. ఎన్ని మార్పులు వచ్చాయి? (ప్రతి బిట్టుకూ ఒకటి చొప్పున 5, మూడు 1లకు మరో 3, మొత్తం 8.)

ఒక హెచ్చరిక: ఇంటి కరెంటుకు తగిలించిన స్విచ్చిబోర్డులతో, లైట్లతో ఈ ప్రయోగాలు చేయకండి.

చివరి మాట

ఆ సోమవారం ఉదయం ప్రార్థన సమయంలో, ఎవరి ఎదుట కేకలేశానో వాళ్ళందరి ఎదుటే ఆ కుర్రవాణ్ణి పిలిచాను. స్టాప్‌వాచీ, టేపు రికార్డరు పక్కపక్కన పెట్టి నడిపి చూపించాను. పన్నెండు నిమిషాల పద్దెనిమిది సెకన్లు పిల్లలంతా ఎండలో కదలకుండా నిలబడ్డారు. పిడుగు పడ్డాక, "నీ లెక్క ఒప్పు. నా మాట తప్పు" అన్నాను. వాడు ఏమీ అనలేదు. స్టాప్‌వాచీ తీసుకుని, ముల్లును సున్నాకు తిప్పి, డ్రిల్లు మాస్టారి చేతిలో పెట్టాడు.

ఇద్దరి లెక్కలు కలవనప్పుడు ఎవరిది తప్పు అని అడగడం తేలిక. వాళ్ళిద్దరూ ఒకే గడియారం చూస్తున్నారా అని ముందు అడగాలి. ఈ సంగతి నేను పిల్లలకు చెప్పవలసినవాణ్ణి, ఒక పిల్లవాడి దగ్గర నేర్చుకున్నాను.